కొలతల పుస్తకం

కొలతల పుస్తకం కుట్టుమిషను సొరుగులో ఉందని బుల్లికి తెలుసు. తెలిసి కూడా లాయరమ్మ అడిగినప్పుడు సూటిగా చెప్పలేకపోయింది.

లాయరమ్మ గది జిరాక్స్ కొట్టు పైన, మేడమీద. కింద యంత్రం తిరిగినప్పుడల్లా బల్లమీది గ్లాసులో నీళ్ళు సన్నగా వణికేవి. పదిహేను మందికి ఆ గది చాలక సగం మంది మెట్లమీదే కూర్చుని, మెడలు సాచి వింటున్నారు. అందరూ ఈ ఏడే చదువు ముగించినవాళ్ళు. లిఫ్టులు తయారుచేసే కంపెనీ ఒకటి కాలేజీకి వచ్చి ఇరవై ఆరుగురిని ఎంచుకుంది. ఉద్యోగం ఇస్తున్నట్టు కాగితాలిచ్చింది. చేరవలసిన తేదీకి రెండు రోజుల ముందు, ఆ కాగితాలు వెనక్కి తీసుకుంటున్నామని ఒక్క వాక్యం పంపింది. అది జరిగి ఐదు నెలలు.

"గురువారం లేబరాఫీసులో విచారణ. వాళ్ళ జవాబు వచ్చింది, వినండి," అని లాయరమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివింది. "'మేమిచ్చినది ఉద్దేశాన్ని తెలిపే పత్రం మాత్రమే. వీరిలో ఎవరికీ ఉద్యోగి నంబరు కేటాయించలేదు. వీరు ఏనాడూ మా సిబ్బంది కారు.'"

"నంబర్లిచ్చారు కదండీ," అన్నాడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ పొడుగబ్బాయి. "కోట్లకి కొలతలు తీసిన రోజు పేర్లు పిలవనేలేదు. నేను ఏడు. ఇదిగో బుల్లి పంతొమ్మిది."

"ఎక్కడుంది ఏడు? రాసి ఉన్న కాగితం ఒక్కటి చూపించు."

పొడుగబ్బాయి తల గోక్కున్నాడు. ఆ రోజు నంబర్లు చదివిన జాబితా కంపెనీ సామాన్లు చూసే స్టోర్సాయన దగ్గరే ఉండిపోయింది. జేబుమీద నంబరు కుట్టిన కోట్లు ఇరవై ఆరూ లెక్కపెట్టి మరీ కంపెనీ వెనక్కి తీసుకుపోయింది. గుడ్డ ముక్కలతో సహా.

"కొలతలు తీసిందెవరు?"

అందరూ బుల్లి వైపు చూశారు. బుల్లి తన చెప్పు పట్టీ వైపు చూసుకుంది.

"మా అమ్మండి."

"పుస్తకంలో రాసుకుని ఉంటుందిగా?"

"అడిగి చెప్తానండి."

అడగక్కర్లేదు. ఉంది. కానీ అమ్మ ఆ పుస్తకం ఎవరికీ చూపించదని ఆ గదిలో వాళ్ళెవరికీ తెలియదు.

మెట్లు దిగుతుంటే నడుము దగ్గర చురుక్కుమంది. బుల్లి గోడవైపు తిరిగి, చొక్కా కింద ప్యాంటుకు పెట్టుకున్న పిన్నీసు సర్దుకుంది. భుజాన సంచిలో నాలుగు మడతలు పెట్టిన ఇంకో కాగితం ఉంది. అదీ కంపెనీ పంపిందే. 'నా ఇష్టంతోనే ఈ అవకాశం వదులుకుంటున్నాను' అని సంతకం చేస్తే వచ్చే ఏడు మళ్ళీ చూస్తారట. పదకొండు మంది ఇప్పటికే చేసేశారు.

ఇంట్లో ముందుగదే కుట్టుగది. బుల్లి వచ్చేసరికి అమ్మ ఒక బేరంతో మాట్లాడుతోంది. పిన్ని మూల కూర్చుని కంపెనీ కాపలావాళ్ళ కోట్లకు కాజాలు తీస్తోంది. ఆరేళ్ళుగా ఆ కంపెనీ కోట్లన్నీ ఈ గదిలోనే కుడుతున్నారు.

"మా తోడికోడలికి తెలియకుండా ఒక జాకెట్టు కుట్టించి ఇద్దామని," అంటోంది ఆ వచ్చినావిడ. "తన కొలతలు నీ దగ్గరున్నాయిగా."

"ఉన్నాయండి. ఆవిణ్ణి పంపండి."

"పంపిస్తే ఇంక తెలియకపోవడమేంటి? పోనీ నడుమొక్కటి చెప్పు. నాకంటే ఎక్కువేనా?"

"నడుము ఆవిడదండి," అంది అమ్మ, కత్తెర ఆపకుండా. "నాది కాదు చెప్పడానికి."

ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయాక పిన్ని నవ్వింది. "అక్కా, కడుపులో వేలు పెట్టి కెలికినా నీ దగ్గర అంగుళం రాలదు. ఈవిడ తోడికోడలి నడుము తెలుసుకోకుండా ఇవాళ అన్నం తినదు చూడు." తర్వాత బుల్లిని చూసి, "రావమ్మా ఇంజనీరమ్మా. లాయరమ్మ ఏమంది?"

"గురువారం అంది."

"గురువారం మాకూ తెలుసు, గోడమీద క్యాలెండరుంది. ఇంకేమంది?"

బుల్లి సొరుగు వైపు చూసింది. అమ్మ మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. ఆ పుస్తకాన్ని అమ్మ ఎవరి చేతికీ ఇవ్వగా బుల్లి చూడలేదు. పెన్సిలుతో రాస్తుంది, గుడ్డ కోశాక దానిమీద పెన్నుతో దిద్దుతుంది, పని కాగానే సొరుగులో వేస్తుంది. ఒక మనిషి ఒళ్ళు ఇంకొకరికి చెప్పడం ఆమె దృష్టిలో దొంగతనంతో సమానం.

"ఏం లేదు పిన్నీ," అంది బుల్లి.

మర్నాడు పొద్దున్నే స్టోర్సాయన వచ్చాడు. కోట్ల పని మొదటిసారి అమ్మకు ఇప్పించింది ఆయనే. మాట మెత్తన. ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే బూట్లు విప్పుతాడు. బుల్లి లోపలి గదిలో తెర వెనక నిలబడిపోయింది.

"శనివారం కాంట్రాక్టు కాగితాలు మళ్ళీ రాస్తున్నారమ్మా. ఈసారి మూడేళ్ళకి."

"మంచి మాట చెప్పారు అన్నయ్యగారూ."

"అయితే చిన్న విషయం. ఆ పిల్లల కొలతల పుస్తకం ఒకసారి ఇస్తే ఆఫీసులో పెట్టుకుని మళ్ళీ..."

"పుస్తకం బయటికి పోదండి."

"మా ఆర్డరుదే కదమ్మా అది."

"ఆర్డరు మీది. పుస్తకం నాది. ఆరేళ్ళ బట్టి మీ కొలతలూ అందులోనే ఉన్నాయి. ఏ ఏటికాయేడు రాసున్నాయి. ఆఫీసులో నలుగురూ తిరగేస్తే బాగుంటుందా?"

ఆయన తెలియకుండానే పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. పిన్ని దారం కొరుకుతున్నట్టు తల వంచేసింది.

"పోనీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకెవరికీ కూడా ఇవ్వవుగా?"

"ఇప్పటిదాకా ఎవరికిచ్చాను?"

"అది చాలమ్మా." ఆయన బూట్లలో కాళ్ళు దూర్చుకుంటూ చాలాసేపు తాళ్ళు కట్టుకున్నాడు. "నా చేతిలో ఏమీ లేదమ్మా. ఆ పిల్లల్ని చూస్తే నాకూ కష్టంగానే ఉంటుంది. మీ అమ్మాయికి చెప్పు."

ఆయన వెళ్ళాక మిషను మళ్ళీ మొదలైంది. మూడేళ్ళు. బుల్లి ఆ మాటను మనసులో రెండుసార్లు అనుకుంది. తర్వాత సంచిలోంచి మడతల కాగితం తీసి, గుడ్డలు కోసే బల్లమీద పరిచి, పెన్ను మూత తీసింది.

మిషను ఆగింది.

"ఏంటది?"

"ఏం లేదమ్మా. సంతకం పెడితే వచ్చే ఏడు చూస్తారంట. నీ కాంట్రాక్టుకీ ఇబ్బందుండదు."

అమ్మ లేచి వచ్చి, కాగితం వెలుతురుకేసి పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. ఆమె ఏది చదివినా అలాగే చదువుతుంది, గుడ్డలో పోగు లెక్కపెట్టినట్టు.

"'నా ఇష్టంతోనే' అనుంది. నీ ఇష్టంతోనేనా?"

"అలా రాయాలంట."

"నేనడిగింది అది కాదు."

కిటికీ అవతల ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అమ్మ కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలూ పెట్టి కత్తెర కింద ఉంచింది.

"లాయరమ్మ పుస్తకం అడిగింది కదూ?"

"నీకెలా తెలుసు?"

"నిన్నటినుంచీ ఆ సొరుగు వైపు ఎన్నిసార్లు చూశావో నాకు తెలీదా?" అమ్మ చెవి వెనక సుద్దముక్క తీసి చేతిలో తిప్పింది. "వాళ్ళ కొలతలు వాళ్ళవే. మీ లాయరమ్మవీ కావు, కంపెనీవీ కావు. చూపించమని వాళ్ళే చెబితే చూపిస్తా. ఆ ఇరవై ఆరుగురినీ రమ్మను. ఒక్కొక్కళ్ళూ నా ముందు చెప్పాలి."

"అక్కా," అంది పిన్ని. కాజా సగంలో సూది ఆగిపోయింది. "శనివారం?"

"శనివారం శనివారమే వస్తుందిలే."

బుధవారం మధ్యాహ్నం నుంచి గుమ్మం ముందు చెప్పులు గుట్టపడ్డాయి. అమ్మ ఒక అట్టముక్క తీసుకుని, దాని మధ్యలో పుస్తకంలోని ఒక్క వరుస కనబడేటంత కిటికీ కోసింది. అట్ట పేజీమీద పెట్టి, వచ్చినవాళ్ళ నంబరు దగ్గరికి జరుపుతుంది. ఎవరి వరుస వాళ్ళకే కనిపిస్తుంది. నంబరు, ఛాతీ, నడుము, భుజం, చేయి, మెడ. పక్కన ఖాళీలో వాళ్ళు సంతకం పెట్టాలి.

"ఇది నీదేనా?"

"నాదేనండి."

"విచారణలో చూపించనా?"

"చూపించండి."

వచ్చిన ఒక్కొక్కళ్ళనీ అమ్మ అదే రెండు ప్రశ్నలు అడిగింది. కంపెనీ కాగితం మీద ముందే సంతకం చేసినవాళ్ళలో కూడా తొమ్మిది మంది వచ్చారు. వాళ్ళలో పన్నెండో నంబరు అమ్మాయి గుమ్మంలోనే చాలాసేపు నిలబడింది.

"నేను వదులుకున్నట్టు రాసిచ్చేశానండి. నాది చూపించొచ్చా?"

"రాసిచ్చింది ఉద్యోగం. నడుము ఎవరికీ రాసివ్వలేదుగా," అంది పిన్ని. ఆ అమ్మాయి నవ్వి లోపలికొచ్చింది.

పొడుగబ్బాయి వంగి సంతకం పెడుతుంటే అమ్మ అతని మెడ వైపు చూసింది.

"కాలరు వదులైంది నాయనా."

"ఎండలకి గుడ్డ సాగిందేమోనండి."

"గుడ్డ సాగితే భుజం దగ్గర కూడా సాగుద్ది," అంది అమ్మ. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళనీ కాస్త ఎక్కువసేపు చూసింది.

సాయంత్రానికి ఇరవై నాలుగు సంతకాలయ్యాయి. ఒకడు ఊళ్ళో లేడు. ఒకమ్మాయిని వాళ్ళ నాన్న పంపలేదు. అమ్మ కత్తెర కింది కాగితం తీసి, దాన్నుంచి రెండు సన్నటి పట్టీలు కత్తిరించి, ఆ రెండు వరుసల మీదా జిగురు పెట్టి అంటించింది. 'ఇష్టంతోనే' అన్న మాట ఒక పట్టీమీద అడ్డంగా మిగిలింది. బుల్లి ఆపలేదు. తర్వాత అమ్మ సూదిలో తెల్లదారం ఎక్కించుకుంది. ఈ ఇరవై ఆరుగురి వరుసలున్న రెండు ఎదురెదురు పేజీలు తప్ప, పుస్తకంలోని మిగతా కాగితాలన్నిటినీ ముందు ఒక కట్ట, వెనక ఒక కట్ట చేసి, అంచుల వెంబడి దగ్గరదగ్గరగా కుట్టేసింది.

"ఆఫీసువాళ్ళు విప్పితే?" అంది పిన్ని.

"విప్పితే కుట్టు చెప్తుంది."

విచారణ గదిలో పొడవాటి బల్ల, తిరుగుతున్నా గాలి రాని పంకా. విచారణాధికారి కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. కంపెనీ లాయరు యువకుడు, మర్యాదస్తుడు. వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు ఉన్నాయో లేదో కూడా చూశాడు. స్టోర్సాయన గోడవారగా కూర్చున్నాడు. ఒంటిమీద అమ్మ కుట్టిన బూడిదరంగు కోటే. సంతకాలు చేసినవాళ్ళలో చాలామంది వచ్చి వెనక వరుసల్లో సర్దుకున్నారు.

అమ్మ మెడలో టేపు అలాగే ఉండిపోయింది. ఇంట్లో బయల్దేరేటప్పుడు చెబుదామనుకుని బుల్లి మర్చిపోయింది. ఇప్పుడు చెబితే ఇంకా సిగ్గుపడుతుందని ఊరుకుంది.

అధికారి పుస్తకం అందుకుని తెరవబోయి ఆగాడు. "ఇదేంటమ్మా, కుట్టేశారు?"

"అవి వేరేవాళ్ళవండి. ఈ గొడవతో వాళ్ళకి సంబంధం లేదు."

ఆయన బొటనవేలితో కుట్టు వెంబడి రాసి చూశాడు. విప్పలేదు. తెరిచి ఉన్న రెండు పేజీలూ చదువుకున్నాడు. పైన తేదీ, కంపెనీ పేరు, ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా ఉద్యోగుల నంబర్లు, మధ్యలో అంటించిన రెండు పట్టీలు.

కంపెనీ లాయరు లేచాడు. "ఆమెను తప్పుబట్టడం నా ఉద్దేశం కాదండి. కానీ ఇది ఇంట్లో రాసుకునే పుస్తకం. తేదీ ఆమె వేసుకున్నదే. ఆమె కూతురు ఈ కేసులో ఉంది. పంతొమ్మిదో నంబరు ఆ అమ్మాయే. సంతకాలు నిన్న పెట్టించామని వాళ్ళే ఒప్పుకుంటున్నారు. మిగతాది కూడా నిన్న రాయలేదని ఎలా నమ్మాలి?"

అధికారి గోడవైపు చూశాడు. "నంబర్లు చదివింది మీరేనంటున్నారు. చదివారా?"

స్టోర్సాయన లేచి నిలబడ్డాడు. కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు. "చాలా రోజులైందండి. నాకు సరిగ్గా గుర్తులేదు."

వెనక ఎవరో కుర్చీ జరిపారు. లాయరమ్మ కాగితాల్లో ఏదో వెతుకుతోంది. దొరకదని ఆమె చేతులు చూస్తేనే తెలుస్తోంది. ఈ పూట నంబర్లు నిలవకపోతే కేసు ఇక్కడితో సరి అని మొన్న లాయరమ్మ చెప్పింది.

అప్పుడు అమ్మ లేచింది.

"అయ్యా, నిన్న రాసిన కొలతలైతే ఇవాళ సరిపోవాలి కదండీ."

"అంటే?" అన్నాడు అధికారి.

"కొలిచి చూడండి." టేపు ఇంట్లో వదిలి వచ్చాననుకుని అటూ ఇటూ చూసింది, తర్వాత మెడ తడుముకుంది. "ఇదిగో, నా దగ్గరే ఉంది."

ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. కంపెనీ లాయరు వైపు చూశాడు. అతను భుజాలు కదిపాడు. "సరేనండి. నంబర్లు నేను చెప్తాను. అంకె మాత్రం ఆమె చదవకూడదు."

గుమాస్తా వచ్చి టేపు పక్కన నిలబడ్డాడు.

"ఏడు."

పొడుగబ్బాయి ముందుకొచ్చాడు. పుస్తకంలో భుజం పద్దెనిమిదిన్నర. గుమాస్తా పద్దెనిమిదిన్నరే చదివాడు. చేయి పాతిక. పాతికే. ఛాతీ ముప్ఫై ఏడు. గుమాస్తా తల దగ్గరగా పెట్టి చూసి, "ముప్ఫై ఐదు," అన్నాడు.

"ఎముక మారదండి," అంది అమ్మ. "భుజం, చేయి అవే ఉంటాయి. మారేది ఛాతీ, నడుమే. నేను నిన్న కొలిచుంటే ముప్ఫై ఐదే రాసేదాన్ని."

"పన్నెండు."

ఆ అమ్మాయి నడుము ఒకటిన్నర అంగుళం పెరిగింది. గుమాస్తా గట్టిగా చదివేసరికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్లోనే కూర్చుంటున్నాను కదండీ," అంది మెల్లగా. ఈసారి అధికారి కూడా నవ్వు ఆపుకున్నాడు.

కంపెనీ లాయరు తన కాగితంలోకి చూశాడు. "పంతొమ్మిది."

పక్కనున్నవాళ్ళు తట్టాక బుల్లి లేచింది. చేయి తనంత తాను నడుము దగ్గరికి పోయింది. అమ్మ టేపు విదిలించి, కుట్టుగదిలో ఎవరికైనా కొలత తీసేటట్టే, ముఖం వైపు చూడకుండా పని మొదలుపెట్టింది. భుజం, చేయి సరిపోయాయి. ఛాతీ దగ్గర గుమాస్తా చదివిన అంకె వినగానే ఆమె టేపు తీసి మళ్ళీ ఒకసారి పెట్టి చూసింది. తర్వాత నడుము చుట్టూ టేపు తిప్పింది. చొక్కా గుడ్డమీదుగా వేళ్ళకు పిన్నీసు తగిలింది.

అమ్మ ఆగిపోయింది.

గుమాస్తా వంగాడు. "ఇరవై ఐదు."

అధికారి పుస్తకంలో వేలితో వరుస వెతికి చదివాడు. "ఇరవై ఎనిమిదిన్నర."

అమ్మ టేపు తియ్యలేదు. వేళ్ళు పిన్నీసు మీదే ఉన్నాయి, అది ఎన్ని మడతలు పట్టుకుందో లెక్కపెడుతున్నట్టు. ఐదు నెలలుగా బుల్లి వదులు చొక్కాలే వేసుకుంది. కంచం ముందు కూర్చునేది, లేచేది. అమ్మ మిషను దగ్గరుండేది.

"ఇది నేను చూడలేదండి," అంది అమ్మ. ఆ మాట అధికారితో అన్నట్టు లేదు. "అందరివీ చూశాను. ఇది చూడలేదు."

కంపెనీ లాయరు ఇంకో నంబరు చెప్పడానికి కాగితం ఎత్తి, మళ్ళీ కింద పెట్టేశాడు. స్టోర్సాయన తన బూట్ల తాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అధికారి చాలాసేపు రాశాడు. తర్వాత చదివాడు. నంబర్లు కేటాయించలేదన్న కంపెనీ మాట ఇప్పటికి నమ్మదగ్గట్టుగా లేదు. రెండు వారాల్లో సిబ్బంది రిజిస్టరు అసలు ప్రతిని తెచ్చి చూపాలి. కేసు కొనసాగుతుంది. పుస్తకం అప్పటిదాకా ఈ కార్యాలయంలోనే ఉంటుంది.

"కుట్లు విప్పకండయ్యా," అంది అమ్మ.

"విప్పనమ్మా," అన్నాడు ఆయన.

శనివారం కాంట్రాక్టు కాగితాలు రాలేదు. పది గంటలకు ఒక వ్యాను వచ్చి కాపలావాళ్ళ కోట్ల గుడ్డ, కుట్టినవి, కుట్టనివి అన్నీ ఎక్కించుకుని పోయింది. స్టోర్సాయన రాలేదు. పిన్ని గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది.

"ఆరేళ్ళ తర్వాత నేల కనబడింది. బండలు ఏ రంగువో కూడా మర్చిపోయాం." నవ్వబోయి మానేసి, గుండీల డబ్బా మూత పెట్టింది. "ఆ తోడికోడళ్ళిద్దరికీ కబురు పెడతానుండక్కా. ఒకరికి తెలియకుండా ఒకరికి రెండు జాకెట్లు వస్తాయి."

అమ్మ కొత్త పుస్తకం కొనుక్కొచ్చింది. మిషను మీద పెట్టి, రూళ్ళకర్రతో మొదటి పేజీలో గీతలు గీసింది. తర్వాత బుల్లిని పిలిచింది.

"రా. ఇలా వెలుతురులో నిలబడు."

బుల్లి నిలబడింది. ఈసారి అమ్మ ముఖం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చొక్కా పైకెత్తి పిన్నీసు తీసి, సూదుల డబ్బాలో పడేసింది. మళ్ళీ కొలిచింది. ఇరవై ఐదే. పెన్సిలుతో రాసుకుంది.

"ప్యాంటు ఇలా ఇవ్వు. నడుము సరిచేస్తా."

బుల్లి వేరేది కట్టుకుని ప్యాంటు తెచ్చిచ్చింది. అమ్మ బల్లమీద పరిచి సుద్దతో రెండు వైపులా గీత గీసింది. ఆమె పక్కకు తిరిగేసరికి బుల్లి కత్తెర అందించబోయింది.

"మూడున్నర అంగుళాలు, అమ్మా. కోసేస్తే తేలిగ్గా అయిపోతుంది."

"కొయ్యను," అంది అమ్మ. కత్తెర తీసుకుని బల్ల అవతలి అంచున పెట్టేసింది. గుడ్డను సుద్దగీత దగ్గర లోపలికి మడిచి, మిషను కుట్టు పొడవు మీట చివరిదాకా తిప్పింది. పొడవు కుట్టు. లాగితే తేలిగ్గా ఊడొచ్చే కుట్టు.

"లోపల మడిచి వదులుతా. మళ్ళీ విప్పాలిగా."

మిషను మొదలైంది. అమ్మ తలెత్తకుండానే పిన్నితో అంది, "ముందు దానికి అన్నం పెట్టు. నా ఎదురుగా కూర్చోబెట్టి పెట్టు."